ఇంటి లోన్ ఉండగా కెనడా ప్రయాణం: ఎవరికి ఫీజు కట్టాలి, ఎవరికి అక్కర్లేదు

ప్రశ్న: మియాపూర్‌లో 2019 దసరాకి 65 లక్షలకి కొన్న ఫ్లాట్ నా పేరు మీద ఉంది, మావారు కో-అప్లికెంట్. లోన్ ఇంకా 44 లక్షలు, 16 ఏళ్ళు కట్టాలి. ఫ్లోటింగ్ వడ్డీ 7.75 శాతం, ఈఎంఐ 40 వేలు. కెనడా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చింది. సెప్టెంబర్ రెండో వారంలో పాపతో కలిసి ముగ్గురం టొరంటో వెళ్తున్నాం, అక్కడ ఇద్దరికీ ఇంకా ఉద్యోగం దొరకలేదు. 22 లక్షల ఎఫ్‌డీలు, ఇద్దరి పీఎఫ్ కలిపి 16 లక్షలు ఉన్నాయి. అవన్నీ తీసి లోన్‌కి కట్టేసి నిశ్చింతగా వెళ్ళమని ఇంట్లో అంటున్నారు. ఒక ఏజెంటేమో లోన్‌ని ఎన్నారై లోన్‌గా మార్చాలి, అంతా నేనే చూసుకుంటా, 75 వేలు ఇవ్వండి అంటున్నాడు. ఎవర్ని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఏజెంటుకి డబ్బులు ఇవ్వకండి. నడుస్తున్న ఇంటి లోన్‌ని మీరు దేశం వదిలి వెళ్తున్నారని రద్దు చేసి కొత్తగా ఎన్నారై లోన్ తీసుకోవాల్సిన పని సాధారణంగా ఉండదు. మీ బ్రాంచికి వెళ్ళి, ఫలానా తేదీ నుంచి మేం ఎన్నారైలం అవుతున్నామని రాతపూర్వకంగా ఇచ్చి, పాస్‌పోర్టు, పీఆర్ కాగితాల కాపీలు, అక్కడి అడ్రస్, ఫోన్ నంబరు, ఈమెయిల్ జత చేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఈఎంఐ ఆ తర్వాత ఎన్నార్వో ఖాతా (ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్నారైలు పెట్టుకునేది) నుంచో ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో సంపాదించింది ఇక్కడ దాచుకునేది) నుంచో పోతుంది. ఇది ఒక పూట పని. అతను కొత్త లోన్ ఎందుకు ఇప్పిస్తానంటున్నాడో కూడా అడగండి, ఎందుకంటే కొత్త లోన్ తెచ్చిన ఏజెంటుకి బ్యాంకు కమీషన్ ఇస్తుంది, మీ దగ్గర తీసుకునేది దానికి అదనం.

ఇక ఇంట్లో వాళ్ళ మాట. అప్పు ఉంచుకుని దేశం దాటడం మన ఇళ్ళల్లో ఎవరికీ మింగుడుపడదు, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఉద్యోగం చేతిలో లేకుండా చిన్నపిల్లతో కొత్త దేశంలో దిగబోతున్న మీకు ఇప్పుడు కావాల్సింది చేతిలో డబ్బు, వడ్డీ ఆదా కాదు. 15 లక్షలు లోన్‌లో వేస్తే ఏడాదికి మిగిలేది దాదాపు 1.16 లక్షల వడ్డీ. అదే 15 లక్షలు మీ దగ్గర లేకపోతే ఏమవుతుందో చూడండి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (కెనడా పీఆర్ ఇచ్చే పద్ధతి) ముగ్గురున్న కుటుంబానికి 2025 జులై పట్టిక ప్రకారం 23,360 కెనడా డాలర్లు, అంటే సుమారు 15 లక్షల రూపాయలు, అప్పు తెచ్చినవి కాకుండా మీ సొంత డబ్బుగా చూపించాలి, దీంట్లో ఫ్లాట్ విలువ లెక్కకి రాదు. టొరంటోలో ఒక బెడ్‌రూమ్ ఇంటికే నెలకి రెండు వేల డాలర్లు పైబడి అడుగుతున్నారు, ఒంటారియోలో మొదటి నెల అద్దెతో పాటు చివరి నెలది కూడా ముందే తీసుకుంటారు. పైగా మీ సిబిల్ స్కోరు ఎంత బాగున్నా అక్కడి ఇంటి ఓనర్‌కి దాంతో పని లేదు. ఒకసారి లోన్‌లోకి వెళ్ళిన డబ్బు మళ్ళీ కావాలంటే టాప్-అప్ లోన్, అంటే ఉన్న లోన్ మీద అదనపు అప్పు, అడగాలి, అప్పుడే వెళ్ళి ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషికి బ్యాంకు ఆ టాప్-అప్ సులువుగా ఇవ్వదు.

ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోన్‌కి ముందస్తు చెల్లింపు ఛార్జీలు ఉండవు, ఇది రిజర్వ్ బ్యాంకు నిబంధన. కాబట్టి ఇప్పుడే కట్టకపోతే నష్టపోతామన్న తొందర అక్కర్లేదు. అక్కడ ఇద్దరిలో ఒకరికైనా ఉద్యోగం స్థిరపడ్డాక టొరంటో నుంచే కట్టొచ్చు. అలా కట్టేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. మీరేమీ చెప్పకపోతే చాలా బ్యాంకులు ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. మీ పరిస్థితిలో ఈఎంఐ తగ్గించమని రాసివ్వడమే మేలు.

ఫ్లాట్ అద్దెకిస్తే నెలకి 25 వేలు వస్తుందనుకుందాం. మీరు ఎన్నారై అయ్యాక అద్దెకున్నవాళ్ళు 31.2 శాతం టీడీఎస్ కోసి ఇవ్వాలి, ఈ సంగతి వాళ్ళకీ తెలియదు, ఓనర్లకీ తెలియదు, రెండేళ్ళ తర్వాత నోటీసు వస్తేనే తెలుస్తుంది. 7,800 పోగా 17,200 మీ ఖాతాలో పడుతుంది. అందులోంచి 40 వేల ఈఎంఐ, సుమారు 3,200 మెయింటెనెన్స్ పోవాలి కాబట్టి నెలకి 26 వేలు మీరు వేసుకోవాలి, ఏడాదికి 3.12 లక్షలు. అయితే ఆ టీడీఎస్ నిజంగా కట్టాల్సిన పన్ను కాదు. ఏడాది అద్దె 3 లక్షల్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోగా 2.1 లక్షలు, దాని మీద మీరు కట్టే వడ్డీ 3.3 లక్షల పైమాటే, అంటే అద్దె మీద ఇక్కడ పన్ను సున్నా. రిటర్ను వేస్తే కోసిన 93,600 వెనక్కి వస్తుంది, లేదా ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకుని అద్దెకున్నవాళ్ళకి ఇవ్వొచ్చు. ఏడాది లోటు, కొంచెం అదనం కలిపి 4 లక్షలు ఎన్నార్వో ఖాతాలో వదిలి వెళ్ళండి, దాన్ని ఏ అవసరానికీ ముట్టుకోకండి. 15 లక్షలు కెనడాకి, 4 ఇక్కడికి, మిగిలిన 3 ఇద్దరి తల్లిదండ్రులకి ఏదైనా అయితే టికెట్లకీ ఆసుపత్రికీ. పీఎఫ్ జోలికి ఇప్పుడు వెళ్ళొద్దు. అయిదేళ్ళ సర్వీసు దాటి ఉంటే తీసుకున్నప్పుడు పన్ను ఉండదు, కానీ ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీకి పన్ను పడుతుంది కాబట్టి ఏళ్ళ తరబడి వదిలేయకండి. పీఎఫ్ రికార్డులో ఉద్యోగం మానేసిన (ఎగ్జిట్) తేదీ, బ్యాంకు వివరాలు, ఆధార్ లింకు మాత్రం బయల్దేరే ముందే సరిచేయించుకోండి.

మీ జీతం ఖాతా విదేశీ మారకం చట్టం ప్రకారం ఎన్నార్వోగా మారాలి. కొన్ని బ్యాంకుల్లో మారేటప్పుడు ఖాతా నంబరే మారిపోతుంది, పాత నంబరు మీద ఉన్న ఈఎంఐ ఆటో-డెబిట్ బౌన్స్ అవుతుంది, ఆ సంగతి చెప్పే ఎస్ఎంఎస్ ఆగిపోయిన సిమ్‌కి వెళ్తుంది. 90 రోజులు దాటితే లోన్ మొండి బాకీల జాబితాలోకి పోతుంది. అందుకే కొత్త మాండేట్ (ఆటో-డెబిట్‌కి మీరిచ్చే అనుమతి) మీద ఒక ఈఎంఐ అయినా మీరు హైదరాబాదులో ఉండగానే కట్ అయ్యేలా చూసుకోండి, ఒక్క ఇండియా సిమ్ అయినా రోమింగ్‌తో బతికించుకోండి.

ఇప్పుడు ఫీజు ఇచ్చి మరీ అడగాల్సిన విషయానికి వద్దాం. మీరు వెళ్ళే తేదీ సెప్టెంబర్ రెండో వారం. ఉద్యోగం కోసం దేశం వదిలే భారత పౌరులు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడ ఉంటే, పన్ను లెక్కలో ఆ సంవత్సరం మొత్తానికీ నాన్-రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి లెక్కేస్తే 182వ రోజు సెప్టెంబర్ 29, మీరు దానికి ముందే వెళ్తున్నారు. కానీ ఆఫర్ లెటర్ లేకుండా పీఆర్ మీద వెళ్ళడం 'ఉద్యోగం కోసం' వెళ్ళడం కిందికి వస్తుందా అన్న దగ్గర వాదనలు ఉంటాయి. రాదని పన్ను అధికారి అంటే ఆ ఏడాది 60 రోజులు ఇక్కడ ఉన్నా చాలనే నియమం మీకు వర్తిస్తుంది, ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నారు కాబట్టి మీరు రెసిడెంట్ అవుతారు, అప్పుడు కెనడాలో మార్చి వరకు సంపాదించే జీతాన్ని కూడా ఇక్కడి రిటర్నులో చూపించాలి. కెనడా మాత్రం మీరు దిగిన రోజు నుంచి తన రెసిడెంటుగానే చూస్తుంది. రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది, రెండుసార్లు కట్టకుండా దారి ఉంది. కానీ ఆ దారి కాగితాల మీద సరిగ్గా చూపించడానికి ఎన్నారై కేసులు చేసే చార్టర్డ్ అకౌంటెంట్ కావాలి. ఈ ప్రశ్నని ఇలాగే రాసి పంపి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌తో సరిపెట్టుకోవద్దు.

అమ్మాలా ఉంచాలా అన్నదీ దీనికి ముడిపడే ఉంది. ఫ్లాట్ ఇప్పుడు 95 లక్షలు పలుకుతుందనుకోండి. పన్ను లెక్కలో రెసిడెంట్‌గా ఉన్న ఏడాది అమ్మితే, 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి ఇండెక్సేషన్‌తో (ధరల సూచీ పెరిగిన మేరకు కొన్న ధరని పెంచి లెక్కేయడం) 20 శాతమా, లేకుండా 12.5 శాతమా అని ఎంచుకోవచ్చు. 2025-26 సూచీతో చూస్తే ఇండెక్సేషన్ దారిలో పన్ను 2.17 లక్షలు, రెండో దారిలో 3.9 లక్షలు. నాన్-రెసిడెంట్ అయ్యాక మొదటి దారి మూసుకుపోతుంది. పైగా రెసిడెంట్ అమ్మితే కొన్నవాళ్ళు 1 శాతమే టీడీఎస్ కోస్తారు, ఎన్నారై అమ్మితే తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ లేకపోతే మొత్తం ధర మీద సర్‌ఛార్జీ, సెస్సుతో 14.3 శాతం, అంటే 13.5 లక్షల పైన కోసేస్తారు, అదనంగా పోయింది రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. నా సలహా మాత్రం ఇప్పుడే అమ్మొద్దనే. 1.7 లక్షల పన్ను తేడా కోసం నెలల్లో హడావుడిగా అమ్మితే ధరలోనే అంతకంటే ఎక్కువ పోతుంది, అక్కడ కుదురుకోలేక తిరిగి రావాల్సి వస్తే దిగడానికి ఒక ఇల్లుండాలి. రెండేళ్ళు చూడండి.

ఉంచుకునేటట్లయితే చాలామందికి తెలియని పని ఒకటి చేయండి. మీరు కెనడా రెసిడెంటు అయిన రోజున ఫ్లాట్ మార్కెట్ విలువ ఎంతో, అదే మీ కొన్న ధరగా కెనడా లెక్కేసుకుంటుంది. 65 నుంచి 95 దాకా పెరిగిన 30 లక్షల మీద అక్కడ పన్ను ఉండదు, ఆ తర్వాత పెరిగిన దాని మీదే. ఆ విలువకి రుజువు ఉండాలంటే రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత ఆ తేదీకి రిపోర్టు రాయించుకోండి, పదేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి రాయించడం కష్టం. అలాగే కెనడా లెక్కలో విదేశీ ఆస్తుల కొన్న ధర లక్ష కెనడా డాలర్లు దాటితే, వాటి వివరాలు చెప్పే టీ1135 ఫారం వేయాలి, మొదటి ఏడాది మినహాయింపు ఉంది, రెండో ఏడాది నుంచి మర్చిపోతే రోజుకి 25 డాలర్ల చొప్పున 2,500 దాకా జరిమానా. అద్దెకిచ్చిన మీ ఫ్లాట్ దీని కిందికి వస్తుంది. అద్దె ఆదాయం కూడా అక్కడి రిటర్నులో చూపించాలి, వడ్డీ, ఖర్చులు తీసేసుకోవచ్చు. మీరు ఫీజు ఇవ్వాల్సిన రెండో మనిషి అక్కడి అకౌంటెంట్, మొదటి రిటర్ను వరకే అయినా సరే.

మూడో మనిషి ఇక్కడి లాయరు, మీ నాన్నగారికో మామగారికో ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ కోసం. అన్నీ కలిపి జనరల్ పవర్ ఇవ్వొద్దు. అద్దెకివ్వడం, ఖాళీ చేయించడం, సొసైటీ, ఆస్తి పన్ను, బ్యాంకుతో ఉత్తర ప్రత్యుత్తరాలు, ఇంతవరకే రాయించి, అమ్మే హక్కు లేకుండా, వెళ్ళేముందే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అక్కడి నుంచి పంపాలంటే కాన్సులేట్‌లో అటెస్టేషనో, నోటరీ చేయించి అపోస్టిలో (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధృవీకరణ), ఇక్కడికి చేరాక మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టడమో, అదంతా తిరుగుడు.

పెట్టుబడుల విషయానికి సలహాదారు కావాలంటే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఐఎన్ఏ అని మొదలైతే అతను ఫీజు తీసుకునే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్, సెబీ సైట్‌లో పేరు సరిచూసుకోవచ్చు. ఏఆర్ఎన్ నంబరు చెబితే మ్యూచువల్ ఫండ్ల కమీషన్ మీద పనిచేసే డిస్ట్రిబ్యూటర్. ఇద్దరూ చట్టబద్ధమే, కానీ మీ కేసులో కొత్తగా ఫండ్లు అమ్మేవాళ్ళ అవసరం లేదు. కెనడాలో ఉన్నవాళ్ళ దగ్గర మన ఫండ్ కంపెనీల్లో కొన్నే డబ్బు తీసుకుంటాయి కూడా.

డబ్బు పంపడం గురించి. మీరు రెసిడెంట్లుగా ఉండగా ఒక్కొక్కరు ఏడాదికి 10 లక్షల వరకు టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేకుండా పంపొచ్చు, దాటితే 20 శాతం కోసి తర్వాత రిటర్నులో సర్దుతారు. ఇద్దరి పేర్ల మీదా విడగొట్టి పంపితే మీ 15 లక్షలకి ఆ సమస్యే రాదు.

అక్కడ ఇల్లు కొనే ఆలోచన కనీసం ఏడాది పక్కన పెట్టండి. మొదటి 5 లక్షల డాలర్ల ధరకి 5 శాతం డౌన్‌పేమెంట్ చాలని మార్ట్‌గేజ్ బ్రోకర్లు చెబుతారు, ఆ మాట నిజమే. కానీ మీ ఆదాయానికి లోన్ సరిపోతుందో లేదో, మీకిచ్చే వడ్డీకి 2 శాతం కలిపి పరీక్షిస్తారు. మియాపూర్ ఈఎంఐని కూడా మీ అప్పుల్లో చూపించాల్సిందే. అక్కడ 25 ఏళ్ళ లోన్‌కి కూడా సాధారణంగా అయిదేళ్ళకోసారి వడ్డీ కొత్తగా కుదుర్చుకోవాలి. ఇద్దరికీ జీతాలు వచ్చి, అక్కడి క్రెడిట్ స్కోరు కాస్త పేరుకున్నాక, ఆ బ్రోకరుకి కమీషన్ బ్యాంకు నుంచి వస్తుందా, మీ దగ్గర తీసుకుంటాడా అని అడిగి మొదలుపెట్టండి. ఈలోపు ఈ వారంలో చేయాల్సింది రెండు పనులు: బ్రాంచికి ఆ ఉత్తరం ఇవ్వడం, 182 రోజుల ప్రశ్న చార్టర్డ్ అకౌంటెంట్‌కి పంపడం. ఆయన జవాబు వచ్చేదాకా టికెట్ తేదీ మార్చుకునే వీలుండేలా బుక్ చేసుకోండి.