వేసవి సినిమా లెక్క చూడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. విజయవాడ గాంధీనగర్‌లో సినిమాలు కొని థియేటర్లకి ఇచ్చే ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో నీకు ఉద్యోగం వచ్చిందట. ఈ ఎండాకాలం రాబోయే పెద్ద సినిమా కలెక్షన్ల లెక్క నీ చేతికే ఇస్తున్నారట. వినగానే చాలా సంతోషం వేసింది. ఆ వీధిలో నేను ముప్పై ఏళ్లు తిరిగాను. రిప్రజెంటేటివ్‌గా సినిమా డబ్బాతో పాటు ఊరూరికీ వెళ్లి, బుకింగ్ పక్కన నిలబడి, రాత్రికి లెక్క కట్టించి డబ్బు పట్టుకొచ్చేవాణ్ణి. ఇప్పుడు డబ్బాలు లేవు, సినిమా శాటిలైట్‌లో వస్తోంది. లెక్క మాత్రం అదే. అందుకే ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని అప్పుడప్పుడు చూసుకుంటావని.

ఎవరు ఏ అంకె చెప్పినా ముందు ఒక్క ప్రశ్న అడుగు: గ్రాసా, నెట్టా, షేరా? పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే జనం జేబులోంచి వచ్చిన మొత్తం. హైదరాబాద్ సింగిల్ స్క్రీన్‌లో బాల్కనీ టికెట్ 177 రూపాయలు చూసే ఉంటావు. అందులో 27 రూపాయలు జీఎస్టీ. మిగిలిన 150 నెట్. కొత్తవాళ్లందరూ ఇక్కడే తప్పు చేస్తారు. 177లో 18 శాతం తీసేసి 145 అని రాస్తారు. పన్ను 150 మీద పడింది కానీ 177 మీద కాదు. కాబట్టి 1.18తో భాగించాలి. ఒక టికెట్ మీద ఐదు రూపాయలు తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. లక్ష టికెట్ల దగ్గర అది ఐదు లక్షలు. 100 రూపాయల లోపు టికెట్ అయితే పన్ను వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, అంతకుముందు 12. చిన్న ఊళ్లలో కింది తరగతి టికెట్లు ఇందులోకే వస్తాయి, కాబట్టి తరగతుల వారీగా విడదీసి లెక్క కట్టు. అన్నిటినీ కలిపేసి ఒకే శాతం వేసేయకు.

నెట్‌లోంచి థియేటర్ అద్దె పోగా మిగిలేదే షేర్. మన ఆఫీసుకి వచ్చేది అదొక్కటే. మల్టీప్లెక్సుల్లో అద్దె ఉండదు, పర్సంటేజీ ఉంటుంది, అంటే నెట్‌లో ఇంత శాతం అని వాటా. హిందీ సినిమాల విషయంలో నిర్మాతలకీ మల్టీప్లెక్సులకీ 2009 వేసవిలో పెద్ద గొడవే జరిగింది. రెండు నెలలు కొత్త సినిమాలు ఆగిపోయాక ఒక ఒప్పందం కుదిరింది. నిర్మాత వైపు మొదటి వారం 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. మన సింగిల్ స్క్రీన్లలో పెద్ద సినిమాకి అద్దె పద్ధతే నడుస్తూ వచ్చింది. 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, మాకూ పర్సంటేజీ కావాలి, లేకపోతే జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తాం అన్నది దీని మీదే. అందుకని ఏ థియేటర్‌కి ఏ పద్ధతో సినిమా రిలీజ్‌కి ముందే రాసి పెట్టుకో. రిలీజ్ రోజు అడిగితే ఎవరికీ తీరిక ఉండదు.

అద్దె ఉన్న హాలు సంగతి ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చెప్తాను. 600 సీట్ల హాలు, రోజుకి 4 ఆటలు, మొత్తం 2400 టికెట్లు. సగటున టికెట్‌కి నెట్ 110, రోజు అద్దె 30 వేలు అనుకో. సగం నిండినా 1200 టికెట్లు, 1,32,000 నెట్. అద్దె పోగా 1,02,000 షేర్. అదే హాల్లో ఇంకో రోజు 200 టికెట్లే తెగాయనుకో. నెట్ 22 వేలు. అద్దె మాత్రం అదే 30 వేలు! 8 వేలు మనమే ఎదురు కట్టాలి. దాన్నే డెఫిసిట్ అంటారు. బయట గ్రాస్ మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంటుంది. 200 మంది టికెట్ కొన్నారు కాబట్టి అది పెరగాల్సిందే. ఆఫీసుకి మాత్రం నష్టం. గ్రాస్ పెరుగుతుంటే షేర్ తగ్గే రోజు ప్రతి సినిమాకీ వస్తుంది. ఆ రోజుని అందరికంటే ముందు నువ్వు పట్టుకోవాలి. ఏ హాల్లో సినిమా తీసేయాలో, ఎక్కడ ఆటలు తగ్గించుకోవాలో యజమాని నీ లెక్క కాగితం చూసే నిర్ణయిస్తాడు.

డీసీఆర్ చదవడం నేర్చుకో. డైలీ కలెక్షన్ రిపోర్ట్. కింద ఉన్న మొత్తం చూసి పక్కన పెట్టేయకు. మా రోజుల్లో దాంట్లో ప్రతి తరగతికీ టికెట్ మొదటి నంబరు, చివరి నంబరు ఉండేవి. ఒకసారి ఒక ఊళ్లో మ్యాట్నీ చివరి నంబరుకీ ఫస్ట్ షో మొదటి నంబరుకీ మధ్య 60 టికెట్లు మాయమయ్యాయి. అడిగితే చిరిగిపోయాయన్నారు. చిరిగినవి చూపించమంటే చెత్తబుట్టలో పడేశామన్నారు. నేను ఏమీ అనలేదు. ఆ మర్నాడు ఆట మొదలయ్యాక హాల్లోకి వెళ్లి వరసల వెంట తలలు లెక్క పెట్టాను. అలా మూడు రోజులు చేసేసరికి నంబర్లు వరసలో పడ్డాయి. ఇప్పుడు కంప్యూటర్ టికెట్లు. ఆ దారి చాలావరకు మూసుకుంది. కానీ ఏ షో ఏ టైమ్‌కి పడింది, ఏ తరగతి ఎంత నిండింది, నిన్నటి ఇదే ఆటకీ ఇవాళ్టి ఆటకీ తేడా ఎంత, ఇవన్నీ ఆ కాగితంలో ఇప్పటికీ ఉన్నాయి. వరస తప్పింది ఏదైనా కనిపిస్తే ఫోన్ చేసి అడుగు. మొహమాటపడకు.

మొదటి రోజు అంకె చూసి ఊగిపోకు, కుంగిపోకు. అందులో హైర్లు కలుస్తాయి. చిన్న ఊళ్లలో హాలు వాళ్లు ఇంత మొత్తం ఇస్తామని ఒప్పుకుని సినిమా తీసుకుంటారు కదా, ఆ డబ్బంతా మొదటి రోజు షేర్‌లో కలిపి చెప్పడం రివాజు. తర్వాత ఆ హాల్లో హౌస్‌ఫుల్ అయినా కాకపోయినా ఆ అంకె మారదు. కాబట్టి నీ పుస్తకంలో హైర్లకి వేరే గడి గీసుకో. దానికి తోడు మొదటి వారం రేట్లు పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇస్తే అదే జనానికి ఎక్కువ రూపాయలు వస్తాయి. అందుకే నేను రూపాయలకంటే ముందు టికెట్ల సంఖ్య చూస్తాను. ఎంతమంది వచ్చారో తెలిస్తే సినిమా నాడి తెలుస్తుంది.

1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైంది. మన కృష్ణా, గుంటూరు తీరాన్ని పెద్ద తుఫాను తాకింది కూడా అప్పుడే. నేను గుడివాడ వైపు ఉన్నాను. కరెంటు లేదు, బస్సులు లేవు, ఫోన్ లైన్లు తెగిపోయాయి. ఆఫీసుకి కలెక్షన్ చెప్పాలంటే చెప్పడానికి కలెక్షనే లేదు. ఆ మొదటి రోజుల కాగితం ఒక్కటే చూసి ఉంటే ఎవరైనా సినిమా పోయిందనే అనేవారు. వాన తెరిపిచ్చాక ఒక సాయంత్రం హాలు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాను. రోడ్డు మీద ఇంకా మోకాలి లోతు నీళ్లు. చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లల్ని భుజాన ఎక్కించుకుని కుటుంబాలు కుటుంబాలు నడిచి వస్తున్నాయి. బుకింగ్ కిటికీ ముందు తడి నోట్లు ఆరబెట్టుకుంటూ టికెట్లు ఇచ్చారు. ఆ సినిమా ఎంత పెద్ద హిట్టయిందో నీకు చెప్పక్కర్లేదు. అంకె పక్కన ఆ రోజు ఏం జరిగిందో ఒక్క ముక్క రాయడం నాకు ఆ వారం నుంచే అలవాటైంది. వాన, బంద్, కరెంటు కోత, పెళ్లి ముహూర్తాలు, ఐపీఎల్ మ్యాచ్. నువ్వూ రాయి.

వేసవి లెక్క సంక్రాంతి లెక్క లాంటిది కాదు. సంక్రాంతికి ఆ నాలుగు రోజులు వరదలా వచ్చి, పండగ అయిపోగానే జనం బస్సులెక్కేస్తారు. వేసవిలో బళ్లు ఏప్రిల్ చివర్లో మూసి జూన్ రెండో వారం దాకా తెరవరు. సోమవారం కూడా పిల్లలకి ఆదివారమే. అందువల్ల సోమవారం పడిపోవడం మామూలు రోజులంత ఉండదు, ఉండకూడదు. సెలవుల్లో కూడా సోమవారం సగానికి పైగా పడిందంటే సినిమాలో ఏదో తేడా ఉందని అర్థం. ఏసీ హాళ్లలో మ్యాట్నీ బాగా నిండుతుంది. ఎండకి తట్టుకోలేక కూడా వస్తారు. ఏసీ లేని హాల్లో అదే మ్యాట్నీ ఖాళీ. ఫస్ట్ షోకి ఐపీఎల్ దెబ్బ ఉంటుంది, ముఖ్యంగా హైదరాబాద్ ఆడే రోజు. కాబట్టి మంగళవారాన్ని సోమవారంతో పోల్చే ముందు ఆ రాత్రి మ్యాచ్ ఎవరిదో చూడు. మన వాళ్లకి వేసవి మీద నమ్మకం ఊరికే రాలేదు. ఏప్రిల్ 28 అంటే ట్రేడ్‌లో అందరికీ గుర్తే. 1977లో ‘అడవి రాముడు’, 2006లో ‘పోకిరి’, 2017లో ‘బాహుబలి 2’ ఆ తేదీనే వచ్చాయి.

నేను ఎక్కువగా నమ్మేది సోమవారం సెకండ్ షో, అదీ చిన్న ఊళ్లో. మొదటి మూడు రోజులు అభిమానులు చూస్తారు. సోమవారం రాత్రి పదింటికి, పొద్దున్నే పనికి వెళ్లాల్సినవాడు టికెట్ కొన్నాడంటే ఎవరో చూసి బాగుందని చెప్తేనే వచ్చాడు. ఆ ఆట 30 శాతం నిండితే నేను నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి.

యాప్‌లో బుకింగ్ చూస్తూ కూర్చోవడం ఇప్పటి అలవాటు. మంచిదే, కానీ దాని హద్దు తెలుసుకో. బూడిద రంగులో కనిపించే ప్రతి సీటూ అమ్ముడైంది కాదు. కౌంటర్ కోసం పక్కన పెట్టినవి ఉంటాయి, అభిమాన సంఘాలకి ఆపినవి ఉంటాయి. ఆట మొదలవడానికి పది నిమిషాల ముందు ఒకసారి, మొదలయ్యాక ఒకసారి చూసి తేడా రాసుకో. విజయవాడ, హైదరాబాద్‌లకి అది సరిపోతుంది. అవనిగడ్డ, రేపల్లె లాంటి చోట్ల జనం ఇప్పటికీ కిటికీ దగ్గరే కొంటారు. యాప్ ఖాళీ చూపిస్తుంటే లోపల హాలు నిండి ఉంటుంది. అలాంటి ఊళ్లలో బండ్ల స్టాండ్ కుర్రాడితో స్నేహం చెయ్యి. ఫస్ట్ షోకి ఎన్ని టోకెన్లు ఇచ్చాడో వాడికి ఖచ్చితంగా తెలుసు. క్యాంటీన్ అతను ఇంటర్వెల్‌కి ఎన్ని సమోసాలు వేయించాడో అడుగు. నేను ఎన్నోసార్లు డీసీఆర్ రాకముందే ఈ ఇద్దరి మాట మీద ఆఫీసుకి అంకె చెప్పాను, పెద్దగా తప్పలేదు.

సినిమాని విడివిడిగా అమ్మే ఏరియాల సంగతి నీకు ఆఫీసులో నేర్పుతారు. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. సీడెడ్ అంటే ఇంగ్లీషులో ‘ఇచ్చేసిన’ అని. ఆ పేరు 1800లో నిజాం రాయలసీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేయడం వల్ల వచ్చింది. ఆ ప్రాంతానికే తర్వాత రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. మన సినిమా వాళ్లు మాత్రం పాత పేరే మోస్తున్నారు. ఒక ఏరియా అంకెని ఇంకో ఏరియాతో పోల్చకు. ఏ ఏరియాని ఆ ఏరియా కొన్న ధరతో పోల్చు. గుంటూరులో ఐదు కోట్ల షేర్ ఒకరికి పండగ, ఎనిమిది కోట్లకి కొన్నవాడికి దుఃఖం.

మిగతా భాషల అంకెలు, అమెరికా అంకెలు వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్త. మనం షేర్ చెప్తాం, హిందీ వాళ్లు నెట్ చెప్తారు, అమెరికా నుంచి డాలర్లలో గ్రాస్ వస్తుంది. మూడూ కలిపి కూడితే ఏ అర్థమూ లేని అంకె వస్తుంది. ‘బాహుబలి 2’ ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్లు దాటిన మొదటి భారతీయ సినిమా అంటే అది గ్రాస్. హిందీలో 500 కోట్లు దాటింది అంటే అది నెట్. ఆ సినిమా ఉత్తర అమెరికాలో ప్రీమియర్లతో కలిపి మొదటి వారాంతానికే కోటి డాలర్లు దాటింది. మొత్తం ఆడేసరికి రెండు కోట్ల డాలర్లు. అంటే సగం డబ్బు మొదటి మూడు నాలుగు రోజుల్లోనే వచ్చేసింది, అంత బాగా ఆడిన సినిమాకి కూడా. అక్కడ అంకె మొదట్లోనే పొంగుతుంది. దాన్ని చూసి మన బి, సి సెంటర్లు, అంటే చిన్న పట్నాలు, పల్లెలు కూడా అలాగే ఉంటాయని అంచనా వేయకు.

ఇంకొక్క మాట, ఇది మనసులో పెట్టుకో. పోస్టర్ మీద అంకె ఎంత వేయాలో నిర్ణయించేది నువ్వు కాదు. దాని గురించి నీకు టెన్షన్ వద్దు. కానీ నీ పుస్తకంలో రాసుకున్న అంకెని ఎవరు అడిగినా మార్చకు. నాకు తెలిసిన ఒకాయన ఒక హీరో ముందు సినిమా షేర్ ఇంత అని ఎవరో రాసిచ్చిన కాగితం నమ్మి, తర్వాతి సినిమాని ఆ లెక్కన కొన్నాడు. పుస్తకంలో ఉన్న అసలు అంకె దానికి మూడో వంతు తక్కువ. రెండేళ్లలో ఊళ్లో ఉన్న రెండెకరాలు, భార్య నగలు పోయాయి. ఆ తప్పుడు కాగితం రాసినవాడు ఆయనకి ఏ అపకారమూ తలపెట్టి ఉండడు. పైవాళ్లు చెప్పారు, రాశాడు. నువ్వు మాత్రం రాయకు అల్లుడూ. అవసరమైతే ఉద్యోగం మారు.

మీ అత్తయ్య నీకు మాగాయ పంపిస్తానంటోంది. రాత్రుళ్లు ఆఫీసులో ఉండాల్సి వస్తుంది కాబట్టి వేళకి తిను. సినిమా శుక్రవారం వస్తుంది కదా. శని, ఆదివారాలు నాకు ఫోన్ చేయక్కర్లేదు, ఆ అంకెలు అందరూ చెప్తారు. సోమవారం సెకండ్ షో మొదలైన అరగంటకి చెయ్యి. గుడివాడ, రేపల్లె, మచిలీపట్నం మూడు ఊళ్ల టికెట్లు ఎన్ని తెగాయో చెప్పు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య