ప్యాసింజరు ఎవరి కోసం ఆగుతుంది?

ప్రశ్న: స్టేషన్ మాస్టరు గారూ, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ లేని ఒక చిన్న స్టేషన్లో మా ప్యాసింజరు నలభై నిమిషాలు నిలబడింది. ఎందుకని అడిగితే ‘క్రాసింగు’ అన్నారు. ఎదురుగా ఏ రైలూ రాలేదు. వెనక నుంచి ఒక ఎక్స్‌ప్రెస్ దాటిపోయింది. ఆ తరువాత కూడా మా బండి కదలలేదు. ఎందుకు? అలాంటి ఊళ్ళో దిగి, ఊరు చూసుకుని, అదే టికెట్‌తో తరువాతి బండి ఎక్కవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అది క్రాసింగు కాదు. ఎదురు బండి కోసం ఆగితే క్రాసింగు. వెనక వచ్చే బండిని ముందు పంపడాన్ని మేము ‘ప్రిసిడెన్సు’ అంటాం. తేడా పేరులోనే కాదు, మీ నిరీక్షణలోనూ ఉంది.

సింగిల్ లైను మీద, అంటే రెండు దిశల బండ్లకూ ఒకే దారి ఉన్నచోట, క్రాసింగయితే, ఎదురు బండి పూర్తిగా స్టేషన్లోకి వచ్చేసిందంటే మీ ముందున్న దారి ఖాళీ అయినట్టే, త్వరగానే కదులుతారు. ఎక్స్‌ప్రెస్ దాటిపోయినప్పుడు అలా కాదు. మీరు వెళ్ళవలసిన దారిలోనే అది పరుగెడుతోంది. సాధారణంగా రెండు స్టేషన్ల నడుమ ఒక దిశలో ఒక్క బండే ఉండాలి. అది అవతలి స్టేషన్ చేరాక అక్కడి మాస్టరు ‘లైన్ క్లియర్’, అంటే బండిని పంపవచ్చనే అనుమతి, ఇస్తేనే మీకు సిగ్నల్ పడుతుంది. పైగా ఎక్స్‌ప్రెస్ వేగం తగ్గకూడదంటే, అది రావడానికి చాలా ముందే మిమ్మల్ని లూప్ లైనులోకి, అంటే స్టేషన్లో ప్రధాన లైను పక్కనుండే లైనులోకి, తప్పించాలి. స్టేషన్లోకి వస్తూ బండి నెమ్మదించి ఒక పక్కకు ఊగిందంటే లూపులోకి మళ్ళినట్టే. ఆ మలుపు దగ్గర చాలాచోట్ల గంటకు 30 కిలోమీటర్లు మించకూడదు.

ఏ బండిని ఎక్కడ ఆపాలో నిర్ణయించేది ఆ మార్గంలోని బండ్లన్నిటినీ కంట్రోలు ఆఫీసు నుంచి నడిపించే సెక్షన్ కంట్రోలరు. తిట్లు మాత్రం స్టేషన్ మాస్టరుకే! ఉద్యోగంలో చేరిన కొత్తలో, అడిగినవాళ్ళందరికీ ‘పది నిమిషాలు’ అని చెప్పేవాడిని. ఒకసారి అది గంటయింది. అప్పటి నుంచి నిమిషాలు చెప్పడం మానేసి, ఏ బండి వస్తోందో, అది ఏ స్టేషన్ దాటిందో చెప్పేవాడిని. లెక్క వాళ్ళే వేసుకునేవారు, గొడవ తగ్గింది.

టికెట్ సంగతి: 500 కిలోమీటర్లు మించిన టికెట్‌కే మధ్యలో దిగి ఆగే వెసులుబాటు. ప్యాసింజరు ప్రయాణాలు సాధారణంగా అంత దూరం ఉండవు కనుక ఆ ఊరి వరకు ఒక టికెట్, అక్కడి నుంచి మరొకటి కొనుక్కోండి. దిగే ముందు తరువాతి బండి వేళ కనుక్కోండి. కొన్ని చోట్ల అది మర్నాటికి గాని రాదు.