లోఖ్ సునార్ట్ ఒడ్డున నీటికుక్కను చూడాలంటే

చి. సుధకు, ఆశీస్సులు.

స్కాట్లండ్‌లో నువ్వు వెళ్లబోయే లోఖ్ సునార్ట్ మంచినీటి సరస్సు కాదమ్మా, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం. అక్కడ అన్నీ పోటుపాట్లను బట్టే నడుస్తాయి. ముందు టైడ్ టేబుల్, అంటే పోటుపాట్ల వేళల పట్టిక చూసుకో. కొన్నిటిలో వేళలు జీఎంటీలో (గ్రీనిచ్ సమయంలో) ఉంటాయి, వేసవిలో గంట కలుపుకోవాలి. నీరు పూర్తిగా తీసే వేళకు రెండు గంటల ముందే చేరుకుని, మళ్లీ పోటెక్కడం మొదలయ్యాక ఇంకో రెండు గంటలు ఉండు. నాచు మేటలు తేలితే లోతు తగ్గుతుంది, నీటికుక్కకు వేట సులువవుతుంది.

ఎక్కడ కూర్చోవాలన్నదే అసలు విషయం. మంచినీటి వాగు ఉప్పునీటిలో కలిసే చోటు వెతుకు. బొచ్చుకు ఉప్పు పడితే చలి ఆగదు, అందుకే అది రోజూ మంచినీటిలో కడుక్కోవాలి. దగ్గర్లో రాతిమీద పచ్చగా ఎదిగిన గడ్డి, చేపముళ్లు కలిసిన పెంట కనిపిస్తే అది తిరిగే చోటేనని నమ్ము. గాలి నీ ముఖానికి కొట్టాలి, వీపు వెనక బండ ఉండాలి. ఆకాశం వెనకగా నిలబడితే దూరం నుంచే పసిగడుతుంది. బైనాక్యులర్ ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది (8x42) చాలు, పది రెట్లది (10x) గాలికి చేతిలో వణుకుతుంది.

నీటిలో తల, వీపు, తోక ఒకే వరుసలో తేలుతూ, మునిగేటప్పుడు తోక పైకి లేస్తే నీటికుక్క. గుండ్రటి తల ఒక్కటే కనిపించి నిలువునా దిగిపోతే సీల్ అనే సముద్ర జంతువు. మన కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు గుంపుగా తిరుగుతాయి. అక్కడిది వేరే జాతి, ఎక్కువగా ఒంటరిది, కాబట్టి అలికిడి కోసం ఎదురుచూడకు.

దగ్గరికి వెళ్లాలంటే అది మునిగినప్పుడే కదులు. మునక మామూలుగా ఇరవై, ముప్పై సెకన్లే. పది లెక్కపెట్టి ఆగిపో. చిన్న చేపను నీటిలోనే తినేస్తుంది, పీతనో పెద్ద చేపనో మాత్రం ఒడ్డుకు తెస్తుంది. అప్పుడు ఒక్క అడుగు కూడా వేయకు, అక్కడినుంచే తనివితీరా చూడు. తిండి వదిలేసి నీటిలోకి దూకిందంటే ఆ పూట దాని కడుపు కొట్టినట్టే. పిల్లలున్న తల్లిని అసలు వెంబడించకు. దాని బొరియ దగ్గర అలజడి చేయడం అక్కడ చట్టరీత్యా నేరం కూడా.

సీల్స్ కోసం స్ట్రాంషియన్, సేలెన్ ఊళ్ల మధ్య ఉన్న గార్వ్ ఏలన్ చెక్కగదికి (జంతువులను చాటు నుంచి చూసేందుకు కట్టినది) వెళ్లు. లోపల కూర్చుంటే బండలమీద పడుకున్నవి బెదరవు. బయట ఎక్కడైనా అవి తలలెత్తి నీవైపు చూస్తున్నాయంటే అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లావని అర్థం, వెంటనే వెనక్కి జరుగు. జూన్, జులైల్లో మరీ జాగ్రత్త. బెదిరి నీళ్లలోకి దూకే తొందరలో తల్లీపిల్లా విడిపోతాయి.

తడి నాచు మీద కాలు నిలవదు, నీరు దూరని బూట్లు వేసుకుని, బండల మధ్య చూసుకుని అడుగెయ్. వేసవిలో గాలి ఆగిందంటే మిడ్జ్ అనే చిన్న కుట్టే పురుగులు ముసురుతాయి, తలకు వల తొడుక్కో. సాయంత్రం ఒంటిమీద పిడుదులు ఉన్నాయేమో చూసుకో, వాటివల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. అక్కడి రోడ్డు చాలాచోట్ల ఒకే బండికి సరిపడేంత. ఎదురు బండికి దారిచ్చే పాసింగ్ ప్లేస్‌లో కారు పార్క్ చేసి వెళ్లకు.

ఇట్లు,
పెద్దనాన్న