బొద్దింకల సంగతి సరే, ముందు బాబు దగ్గు చూపించండి

ప్రశ్న: మా వంటగదిలో బొద్దింకలు విపరీతంగా ఉన్నాయి. ఇంట్లో ఆరేళ్ల బాబు ఉన్నాడని రసాయన స్ప్రేలు మానేసి, యూకలిప్టస్, లవంగ, వేప నూనెల్లో కర్పూరం కలిపి రోజూ రాత్రి వంటగదిలోను, పడకగదిలోను చల్లుతున్నాము. మొదట తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తున్నాయి. ఏ నూనె ఎంత పాళ్లలో పెంచితే పూర్తిగా పోతాయి? బాబుకు రెండు నెలలుగా తెల్లవారుజామున దగ్గు వస్తోంది. అందుకు దగ్గు సిరప్ ఇస్తున్నాము. – ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరమంతా బొద్దింకల గురించే ఉన్నా, చివరన ఒక్క మాటలో చెప్పి వదిలేసిన బాబు దగ్గే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. పిల్లల్లో దగ్గు నాలుగు వారాలు దాటితే దానిని మామూలు జలుబు కింద జమకట్టకూడదు. అందులోనూ తెల్లవారుజామున నిద్ర లేపుతున్న దగ్గు అంటే వైద్యులకు మొదట తట్టేది ఉబ్బసం. పిల్లవాడిని చూడకుండా, ఛాతీ వినకుండా అదేనని నేను చెప్పలేను, సైనస్ సమస్య, అడినాయిడ్స్ (ముక్కు వెనుక ఉండే మెత్తని కండ) పెరగడం, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వంటి కారణాలు కూడా ఉండవచ్చు. కాని అది ఏమిటో తేల్చవలసిన గడువు మీ ఇంట్లో నెల రోజుల క్రితమే దాటిపోయింది.

బొద్దింకలకూ ఈ దగ్గుకూ సంబంధం ఉండే అవకాశం ఉంది. వాటి లాలాజలం, విసర్జన, విడిచిన పొరలు, చచ్చిన శరీరాల పొడిలో ఉండే ప్రోటీన్లు కొందరు పిల్లలకు బలమైన అలర్జీ కలిగించి ఉబ్బసాన్ని రేపుతాయి. వంటగది అలమరా తలుపు తెరిచి, బందులు ఉన్న మూలను టార్చి వేసి చూడండి. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు కనిపిస్తే అవి వాటి విసర్జనలే. అవి ఎండి, నలిగి ధూళిలో కలిసి, మనిషి నడిచినా పక్క దులిపినా గాలిలోకి లేస్తాయి. బొద్దింకలన్నీ చచ్చిన తరువాత కూడా ఈ ధూళి నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. ఏ నూనె వాసనా దానిని పోగొట్టలేదు.

ఇక మీరు అడిగిన పాళ్ల విషయం. పుదీనా, యూకలిప్టస్, లవంగం వంటి నూనెల వాసనకు బొద్దింకలు దూరంగా జరిగే మాట నిజమే. అయితే ఇంట్లో మనం చల్లే పాళ్లలో అవి వాటిని తరుముతాయే గాని తుడిచిపెట్టవు. ఆ నూనెలు త్వరగా ఆవిరైపోతాయి కనుక వాసన తగ్గగానే బొద్దింకలు తిరిగి వస్తాయి, లేదా ఆ రాత్రికి పక్క గదిలోకి మారతాయి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిన్న గోధుమరంగు బొద్దింకల ఒక్క గుడ్ల సంచిలోనే ముప్పై నుంచి నలభై పిల్లలు ఉంటాయి. అందువల్ల పాళ్లు పెంచమని నేను చెప్పను. పెంచితే బొద్దింకల కంటే ముందు బాబు శ్వాసనాళాలు ఇబ్బంది పడతాయి, ఎందుకంటే ఉబ్బసం ఉన్నవారికి ఘాటైన వాసన ఏదైనా, అది మొక్క నుంచి వచ్చినదైనా సరే, దగ్గునూ ఆయాసాన్నీ రెచ్చగొట్టగలదు. పడకగదిలో చల్లడం ఈ రాత్రి నుంచే ఆపండి.

‘ప్రకృతిసిద్ధం కనుక ప్రమాదం లేదు’ అనే నమ్మకం గురించి కొంచెం గట్టిగానే చెప్పవలసి ఉంది. కర్పూరం కలిపిన నూనెను మామూలు నీళ్ల సీసాలో పోసి కిటికీ మీద పెట్టిన ఇంటి నుంచి, ఫిట్స్‌తో వచ్చిన పిల్లవాడికి నేను స్వయంగా చికిత్స చేశాను. అతను తాగింది రెండు గుక్కలే. ఒక్క గ్రాము కర్పూరం కడుపులోకి వెళ్లినా పసిపిల్లలకు ప్రాణాపాయం కలగవచ్చు. మింగిన అయిదు నిమిషాల నుంచి గంటన్నర లోపే ఫిట్స్ రావచ్చు. యూకలిప్టస్ నూనె ఒక చెంచాడు తాగినా పిల్లలు స్పృహ తప్పవచ్చు, లవంగ నూనె కాలేయాన్ని దెబ్బతీయవచ్చు, వేప నూనె తాగిన పసివాళ్లకు వాంతులు, మగత, ఫిట్స్ వచ్చిన సందర్భాలున్నాయి. మీ మిశ్రమం ఇప్పుడు ఏ సీసాలో ఉంది? దాని మీద పేరు రాసి ఉందా? ఒకవేళ పిల్లలు మింగితే, వేలు పెట్టి వాంతి చేయించకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే అపాయం మరింత పెరుగుతుంది. ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

బొద్దింకలను తగ్గించాలంటే వాటికి నీళ్లు దొరకకుండా చేయడమే మొదటి పని. కారే కుళాయిని బాగుచేయించి, రాత్రి సింకును పొడిగా తుడిచి, చెత్తబుట్టకు మూత పెట్టి, పైపులు గోడలోకి వెళ్లే చోట సందులు పూడ్చండి. తరువాత పిల్లల చేతికి అందని సందుల్లో జెల్ రూపంలోని ఎరను, లేబుల్ మీద రాసిన ప్రకారం చుక్కలుగా పెట్టవచ్చు. అది రసాయనమే అయినా గాలిలోకి పెద్దగా వ్యాపించదు కనుక, శ్వాస సమస్య ఉన్న ఇంట్లో స్ప్రే కంటే మేలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎర పెట్టిన చోట ఘాటు నూనెలు చల్లితే బొద్దింకలు ఎర దగ్గరికే రావు. రెండూ కలిపి వాడి, ఎర పనిచేయలేదని నిరాశపడేవారిని చాలామందిని చూశాను. శుభ్రం చేసేటప్పుడు చీపురుతో దులపకుండా తడి గుడ్డతో తుడవండి, ఆ సమయంలో బాబును వేరే గదిలో ఉంచండి.

దగ్గు సిరప్ మాత్రం ఇక ఆపి, ఇప్పటివరకు ఇచ్చిన సీసాను వైద్యుడికి చూపించండి. ఉబ్బసం అయితే సిరప్ దానిని నయం చేయదు, మగత కలిగించే రకం అయితే లక్షణాలను మరుగుపరచవచ్చు కూడా. రెండు నెలలు మీరు నిర్లక్ష్యం చేశారని అనను, మీకు తోచిన శ్రద్ధ మీరు తీసుకున్నారు, కాని ఆ శ్రద్ధ వైద్యుడి దగ్గరికి వెళ్లడాన్ని ఆలస్యం చేసింది. ఈ వారంలోనే పిల్లల వైద్యుడిని కలవండి. దగ్గు ఏ వేళకు వస్తోంది, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయా, ఆడినప్పుడు ఆయాసపడుతున్నాడా, కుటుంబంలో ఎవరికైనా ఉబ్బసం ఉందా అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. బాబు వయసుకు ఊపిరి ఊది చేసే పరీక్ష సాధ్యమే. అవసరమనుకుంటే అలర్జీ పరీక్ష కూడా చేయిస్తారు. ఇన్‌హేలర్ రాస్తే అలవాటవుతుందని భయపడి మధ్యలో మానకండి.

ఈలోగా శ్వాస తీసుకునేటప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోయినా, పెదవులు నీలంగా మారినా, మాట పూర్తి చేయలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.