సీటు ఖాయమయ్యాక మిగిలిన ఇంటర్వ్యూలకు వెళ్లాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష అయిన క్యాట్ స్కోరుతో దరఖాస్తు చేసిన మేనేజ్‌మెంట్ సంస్థల్లో హైదరాబాదులోని ఒకటి నాకు సీటు ఇస్తున్నట్లు గత వారం తెలిపింది. మొదటి విడత ఫీజు కట్టడానికి పదిహేను రోజుల గడువుంది. భువనేశ్వర్, బెంగళూరు, కోల్‌కతాలలో మూడు ఇంటర్వ్యూలు మిగిలి ఉన్నాయి, నా ఉద్యోగంలో సెలవులేమో దాదాపు అయిపోయాయి. స్టీల్‌ప్లాంటులో పదవీ విరమణ చేసిన నాన్నగారు ‘చేతికొచ్చిన సీటు చాలదా’ అంటున్నారు, అమ్మ ‘పిలిచిన చోటికల్లా వెళ్లి రా’ అంటోంది. నాకు మానవ వనరుల విభాగం చదవాలని కోరిక, హైదరాబాదు సంస్థలో ఫైనాన్స్‌కే ప్రాధాన్యం. నేను ఇంటర్వ్యూకు వెళ్లడం మానుకుంటే ఆ అవకాశం మరొకరికి దక్కుతుందా?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు సమాధానం చెబుతాను, ఎందుకంటే మీ మనసును ఎక్కువగా కలతపెడుతున్నది అదేనని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. ఇక్కడ ఇంటర్వ్యూ పిలుపులు మార్కుల కటాఫ్‌ను బట్టి ఒకేసారి వెళ్తాయి కనుక, మీరు రానన్నంత మాత్రాన ఆ పిలుపు సాధారణంగా మరొకరికి చేరదు. మరొకరికి నిజంగా మేలు జరిగేది మీరు వద్దనుకున్న సీటును వెంటనే వదిలినప్పుడు. వెయిటింగ్ లిస్టు కదిలేది అలాగే. మే, జూన్ నెలల్లో ఆ జాబితాలో తమ సంఖ్య తగ్గిందా లేదా అని రోజూ చూసుకునే పిల్లలు ఎందరో ఉంటారు. అందువల్ల ఇంటర్వ్యూకు వెళ్లడం తప్పేమీ కాదు, చేరని సీటును చివరిదాకా పట్టుకుని కూర్చోవడమే తప్పు.

ఇక వెళ్లాలా వద్దా అన్నది. ఒక్కో సంస్థ గురించి విడిగా ఒకటే ప్రశ్న వేసుకోండి: అక్కడ సీటు వస్తే హైదరాబాదును వదిలి వెళ్తానా? పేరు, గొప్ప, బంధువులు ఏమంటారు అన్నవి పక్కన పెట్టి, ఫీజు, బోధించే విషయాలు, ఉద్యోగావకాశాలు ఎదురుగా పెట్టుకుని జవాబు చెప్పుకోండి. ‘వెళ్లను’ అని తేలిన చోటుకు ప్రయాణం అనవసరం. ‘వెళ్తాను’ అన్నా, ‘చెప్పలేను’ అన్నా వెళ్లి రావలసిందే. భువనేశ్వర్ సంస్థలో మానవ వనరుల కోర్సు ఉంటే అది మీ కోరికకు దగ్గర. పైగా దూరం సుమారు 440 కిలోమీటర్లే, రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు, ఒక్క రోజు సెలవు చాలు. బెంగళూరుకు రానూ పోనూ రెండు రోజులు పోతాయి కనుక, అక్కడా ఫైనాన్స్‌దే పెద్దపీట అయితే మానుకోండి. కోల్‌కతా విషయంలో మీ మనసు ఏమంటుందో ఉత్తరంలో రాయలేదు, అది మీరే తేల్చుకోవాలి.

మానుకుంటే మాత్రం చెప్పి మానుకోండి. ఇంటర్వ్యూ బృందాల్లో కూర్చున్న నాకు ఆ దృశ్యం బాగా తెలుసు: బల్ల మీద అభ్యర్థి ఫైలు తెరిచి ఉంటుంది, గుమాస్తా వరండాలోకి వెళ్లి పేరు రెండుసార్లు పిలుస్తాడు, పలికేవారు ఉండరు, ముగ్గురు ఆచార్యులు గడియారం చూసుకుంటూ ఉంటారు. ‘మరో సంస్థలో చేరాలని నిర్ణయించుకున్నాను, నా దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను, పిలిచినందుకు కృతజ్ఞతలు’ అని దరఖాస్తు సంఖ్యతో రెండు వాక్యాల మెయిల్ పంపితే చాలు. కారణాలు వివరించనక్కరలేదు.

ఫీజు గడువు ముగిసేలోగా మిగతా ఫలితాలు రాకపోవచ్చు. అప్పుడు ఫీజు కట్టి సీటు నిలుపుకోవడమే మంచిది, అయితే ఆఫర్ లేఖలో వాపసు నిబంధన చదివిన తర్వాతే కట్టండి. సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న సంస్థలు, తరగతులు మొదలుకాకముందే విద్యార్థి మానుకుంటే 1000 రూపాయలకు మించకుండా మినహాయించుకుని మిగిలిన ఫీజు తిరిగి ఇవ్వాలి. మన విశాఖ గంభీరంలోని ఐఐఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్)తో సహా ఐఐఎంలన్నీ 2017 నాటి ప్రత్యేక చట్టం కిందకు వస్తాయి, వాటి వాపసు నిబంధనలు వాటివే. ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలనకు చూపించండి గానీ, ఎవరి దగ్గరా వదిలి రాకండి.

ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి నాన్నగారికి చూపించండి. ఆయన భయం ఉన్న సీటు చేజారుతుందని, ఫీజు కట్టిన రసీదు చూస్తే భువనేశ్వర్ టికెట్‌కు ఆయనే డబ్బు ఇస్తారని నా నమ్మకం.