కెరెన్‌స్కీని విదూషకుణ్ణి చేయకు

చిరంజీవికి,

నీ నవల రాతప్రతి చదివాను. అప్పటి రష్యా రాజధాని పెట్రోగ్రాడ్ వీధులు, రొట్టె కోసం క్యూలు బాగా వచ్చాయి. పేచీ అంతా చివరి భాగంతోనే. లెనిన్ పార్టీ బోల్షెవిక్కులు అధికారం పట్టిన 1917 అక్టోబరు రాత్రిని లెనిన్ ఎత్తుగడగా, జార్ పోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వానికి ప్రధాని అయిన కెరెన్‌స్కీ పిరికితనంగా తేల్చేశావు.

ఎత్తుగడ ఉంది, కాదనను. కానీ బోల్షెవిక్కులు అందుకునేసరికే అధికారం తాత్కాలిక ప్రభుత్వం చేయి జారింది. అది నీ కథలో కనబడదు. జార్ చక్రవర్తి గద్దె దిగిన ఆ రోజుల్లోనే పెట్రోగ్రాడ్ సోవియట్, అంటే కార్మికుల, సైనికుల ప్రతినిధుల సభ, సైనికులకు మొదటి ఉత్తర్వు ఇచ్చింది: డూమా (పార్లమెంటు) సైనిక సంఘం ఆదేశాలు మా నిర్ణయాలకు అడ్డు రాకపోతేనే పాటించండి అని. మంత్రులు ఒకచోట, తుపాకులు మరొకచోట. ఇక భూమి సంగతి? రాజ్యాంగ సభ తేలుస్తుందన్నారు. దాని ఎన్నికలు సెప్టెంబరన్నారు, నవంబరుకు నెట్టారు. అన్నీ నానబెట్టి, జర్మనీతో యుద్ధం మాత్రం ఆపలేదు. జూన్ దాడి బెడిసికొట్టింది. మార్చిలో తామే రద్దు చేసిన మరణశిక్షను జులైలో ఫ్రంటులో మళ్లీ తెచ్చారు. నీ సైనికుడి చేత ఉపన్యాసాలు చెప్పించకు. ఊళ్లో దొరగారి భూమి పంచుకుంటున్నారని ఇంటి నుంచి ఒక ఉత్తరం రానీ, చాలు.

జనరల్ కోర్నిలోవ్ వ్యవహారాన్ని ఒక్క పేరాలో దాటేశావేమిటి? నా లెక్కలో నవలకు వెన్నెముక అదే. అతన్ని సర్వసేనానిని చేసింది కెరెన్‌స్కీయే. ఆగస్టు చివర అతని దళాలు రాజధాని వైపు కదిలితే, ఆపడానికి బోల్షెవిక్కుల సాయం కూడా కావాల్సి వచ్చింది. అలా కార్మికుల చేతికొచ్చిన తుపాకులు వెనక్కి రాలేదు. అటు సైన్యాధికారులకు కెరెన్‌స్కీ మీద నమ్మకం పోయింది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు.

ఆడవేషంలో పారిపోయాడన్న ముక్క కొట్టేయ్. అది ప్రత్యర్థులు అల్లిన కథ. అక్టోబరు తిరుగుబాటు రోజు ఉదయం అతను కారులో ఫ్రంటు వైపు వెళ్లింది సైన్యాన్ని తేవడానికి. వెంట అమెరికా దౌత్యకార్యాలయం కారు కూడా ఉంది. మారువేషం కట్టింది తర్వాత, రాజధాని దగ్గరి గాచినాలో, అదీ నావికుడిగా. రాజధాని విడిచే ముందు రాత్రి సాయం రమ్మని కొసాక్కు గుర్రపు దళాలకు కబురు మీద కబురు పంపితే, గుర్రాలకు జీను కడుతున్నాం అని జవాబు వస్తూనే ఉంది. ఎంతకీ రాలేదు. ఇంత మంచి సన్నివేశం వదిలేసి వేషాలెందుకు?

మంత్రులున్న వింటర్ ప్యాలెస్ మీదికి వేలమంది గేట్లు దూకినట్టు రాశావు. అది సినిమా ప్రభావం. కాపలా ఉన్నది మిలిటరీ స్కూలు కుర్రాళ్లు, మహిళా దళంలో ఒక కంపెనీ. చీకటి పడ్డాక వాళ్లలోనూ చాలామంది జారుకున్నారు. నువ్వు మంత్రుల గదిలోకి వెళ్లు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ, బ్యాంకు పొద్దున్నే బోల్షెవిక్కుల చేతికి పోయాయి. మధ్యాహ్నానికి వీళ్లు నగరంలో శాంతిభద్రతల కోసం సర్వాధికారాలూ తమలో ఒకరైన కిష్కిన్‌కు అప్పగించారు. ఆయన చూసేది పేదలకు సాయం చేసే సంక్షేమ శాఖ! ఆయన వెంటనే చేసిన పని, మిలిటరీ కమాండర్ని మార్చడం. అర్ధరాత్రి దాటి రెండింటికి అరెస్టయ్యేదాకా ఆ గదిలో కూర్చున్నవాళ్లను వెటకారం చేయకుండా రాయి. వాళ్లలో మూర్ఖులు తక్కువే.

ఇంకోటి, తేదీలు సరిచూసుకో. నేను రాసినవన్నీ అప్పటి రష్యా క్యాలెండర్ ప్రకారం, మనకంటే 13 రోజులు వెనక. నువ్వు రెండూ కలిపేశావు. కోర్నిలోవ్ అధ్యాయం అవగానే పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు