పాఠకుల ప్రశ్నలు: పవర్ ఆంప్లిఫయర్ మార్చేముందు

ప్రశ్న: మా ఇంట్లో 8 ఓమ్‌ల దగ్గర చానెల్‌కు 40 వాట్లు ఇచ్చే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయర్ (ప్రీ ఆంప్, పవర్ ఆంప్ ఒకే పెట్టెలో ఉన్నది), నేల మీద నిలబెట్టే స్పీకర్ల జత ఉన్నాయి. స్పీకర్ల సెన్సిటివిటీ (ఇచ్చిన వోల్టేజికి మీటరు దూరంలో వచ్చే శబ్దం) 2.83 వోల్టుల దగ్గర 87 డెసిబెల్స్ అనీ, ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే అడ్డు) 4 ఓమ్‌లు అనీ వాటితో వచ్చిన పుస్తకంలో ఉంది. స్పీకర్లకు పది అడుగుల దూరంలో కూర్చుంటాను. మామూలు వాల్యూమ్‌లో ఏ లోపమూ కనిపించదు గానీ, కచేరీ రికార్డింగుల్లో తని ఆవర్తనం వచ్చేసరికి మృదంగం దెబ్బ మొద్దుబారుతోంది. పెద్ద ఆర్కెస్ట్రా పాటల్లో శబ్దమంతా గరగరమంటూ ముద్దవుతోంది. దుకాణదారు 80 వాట్ల పవర్ ఆంప్ చాలంటున్నారు. మిత్రుడొకరు 200 వాట్లకు తగ్గవద్దంటున్నారు. ఎవరి మాట వినమంటారు? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఇద్దరూ వాట్ల అంకె దగ్గరే ఆగిపోయారు. మీ సమస్యకు మూలం ఆ అంకెలో కంటే మీ స్పీకర్ల 4 ఓమ్‌లలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

2.83 వోల్టులంటే 8 ఓమ్‌ల స్పీకర్‌లో సరిగ్గా ఒక వాటు. అదే వోల్టేజి 4 ఓమ్‌ల స్పీకర్‌లో రెండు వాట్లను లాగుతుంది. కాబట్టి మీ పుస్తకంలోని 87 రెండు వాట్లకు వచ్చిన అంకె. ఒక్క వాటుకు లెక్కగడితే అది 84 మాత్రమే. మీటరు దూరంలో కొలిచిన ఈ శబ్దం మీ కుర్చీ దాకా వచ్చేసరికి, రెండు స్పీకర్లు కలిసి మోగడాన్నీ గోడల ప్రతిధ్వనినీ కలుపుకొన్నా, ఉజ్జాయింపుగా ఐదారు డెసిబెల్స్ తగ్గుతుంది. 40 వాట్లంటే ఒక వాటుపైన 16 డెసిబెల్స్ కనుక, మీ ఆంప్ శక్తినంతా ధారపోసినా మీ చెవికి చేరేది 95 డెసిబెల్స్ చుట్టుపక్కలే. సగటున 80 డెసిబెల్స్‌లో వింటున్న కచేరీలో మృదంగం దెబ్బ ఆ సగటుకు పదిహేను, ఒక్కోసారి ఇరవై డెసిబెల్స్ పైకి లేస్తుంది. అంటే మీ ఆంప్ సరిగ్గా ఆ దెబ్బల దగ్గరే చేతులెత్తేస్తూ ఉండాలి. తరంగం కొసలు తెగిపోయే ఈ స్థితినే క్లిప్పింగ్ అంటారు. మీరు చెప్పిన గరగర అదే అయ్యుంటుంది.

అయితే ఊహ మీద వేలకు వేలు పెట్టనక్కర్లేదు, ఒక మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు. పూర్తి స్థాయికి 12 డెసిబెల్స్ తక్కువగా రికార్డు చేసిన 120 హెర్ట్జ్ సైన్ టోన్ (ఎడతెగని ఒకే స్వరం) ఫైలును సంపాదించండి. మీకు ఇష్టమైన కచేరీని మీరు వినే గరిష్ఠ వాల్యూమ్‌లో పెట్టి, నాబ్‌ను ఇక కదపకుండా ఆంప్‌ను ఆపి, స్పీకర్ తీగలు ఊడదీయండి. తరువాత ఆంప్‌ను మళ్ళీ వేసి, టోన్ నడిపి, ఒక చానెల్ టెర్మినళ్ళ మధ్య ఏసీ వోల్టేజిని చూసి నాలుగుతో హెచ్చించండి, ఎందుకంటే 12 డెసిబెల్స్ తక్కువంటే వోల్టేజి నాలుగో వంతు. (వాల్వు ఆంప్‌కు మాత్రం స్పీకర్ ఊడదీసి ఈ పరీక్ష చేయకూడదు.) 8 ఓమ్‌ల దగ్గర 40 వాట్లంటే సుమారు 18 వోల్టులు. మీ లెక్క 10 దగ్గర ఆగితే లోపం ఆంప్‌ది కాదు. గదిలోనో రికార్డింగులోనో వెతకాలి. 18 దాటితే మార్చవలసిందే. 14, 15 వస్తే నిర్ణయం కష్టం, ఎందుకంటే స్పీకర్లు తగిలించి ఉన్నప్పుడు 4 ఓమ్‌ల లోడుకు చాలా ఆంప్‌ల పవర్ సప్లై కుంగిపోయి ఆ 18 కూడా అందదు.

ఇక ఎంపిక. 40 నుంచి 80 వాట్లకు వెళితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. శబ్దం రెట్టింపైనట్లు చెవికి తోచాలంటే పది డెసిబెల్స్ కావాలి. 200కు వెళ్ళినా ఏడే. అందుచేత వాట్ల అంకెను ఒంటరిగా చూడకండి. 8 ఓమ్‌ల దగ్గర 100 నుంచి 150 వాట్లు ఇస్తూ, 4 ఓమ్‌ల దగ్గర దాదాపు రెట్టింపు ఇస్తుందని, రెండు చానెళ్ళనూ ఒకేసారి నడిపి కొలిచామని స్పష్టంగా రాసిన ఆంప్‌ను ఎంచుకోండి. 4 ఓమ్‌ల అంకె ఇవ్వని ఆంప్‌ను మీ స్పీకర్లకు కొనవద్దు. 1978లో వచ్చిన నాడ్ 3020 అనే ఇంటిగ్రేటెడ్ ఆంప్ కాగితం మీద 20 వాట్లదే అయినా, మొండి స్పీకర్లను సైతం నడిపిందన్న పేరు తెచ్చుకున్నది అవసరమైన క్షణంలో కరెంటు అందించగలగడం వల్లనే. రెండు ఆంప్‌లను బ్రిడ్జి చేసి, అంటే ఒకే స్పీకర్‌కు కలిపి, వాడుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి: అప్పుడు మీ 4 ఓమ్‌ల స్పీకర్ ఒక్కో ఆంప్‌కు 2 ఓమ్‌లుగా కనిపిస్తుంది.

డబ్బు కట్టేముందు మీ ఇంటిగ్రేటెడ్ వెనుక ప్రీ-అవుట్ సాకెట్లు (వేరే పవర్ ఆంప్‌కు సిగ్నల్ పంపేవి) ఉన్నాయో లేదో చూడండి. అవి లేకపోతే పవర్ ఆంప్ కొని ప్రయోజనం లేదు, మొత్తం ఇంటిగ్రేటెడ్‌నే మార్చుకోవాలి. క్లాస్ ఏబీ మంచిదా, వేడి తక్కువగా పుట్టించే క్లాస్ డీ మంచిదా అన్న వాదనలోకి నేను పోను. మంచి డిజైన్ ఏదైనా మంచిదే. కానీ మీ ఊరి మే నెల ఎండల్లో, తలుపులున్న టీవీ షోకేసులో క్లాస్ ఏబీ ఆంప్‌ను మూసిపెట్టాలని ఉంటే ఆ ఆలోచన మానుకోండి, లేదా క్లాస్ డీ తీసుకోండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా పెద్దబ్బాయి తను వాడిన పవర్ ఆంప్‌ను సంక్రాంతికి తెస్తానంటున్నాడు. ఇక్కడ పనిచేస్తుందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పెట్టెలో సర్దకముందే దాని వెనుక రేకు మీద ఏముందో ఫొటో తీసి పంపమనండి. 100–240 వోల్టులని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. 120 వోల్టులే ఉండి, 50/60 హెర్ట్జ్ అని కూడా ఉంటే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి; రేకు మీద రాసిన విద్యుత్ వాడకానికి కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యమున్నది తీసుకోండి, ఎర్తు తీగ ఆంప్ దాకా కొనసాగేలా చూడండి. 60 హెర్ట్జ్ మాత్రమే అని ఉంటే వద్దనే చెబుతాను. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అందులోని ట్రాన్స్‌ఫార్మరు కోర్‌పై భారం ఇరవై శాతం పెరిగి, వేడెక్కడమో గుయ్యిమనడమో జరుగుతుంది. స్టెప్-డౌన్ వోల్టేజిని తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. పెద్ద ఆంప్‌లు పాతిక కిలోలు కూడా తూగుతాయి కనుక విమానం లగేజీ పరిమితి సంగతీ అబ్బాయికి గుర్తుచేయండి.

ప్రశ్న: పాత మ్యూజిక్ సిస్టం మీద 1000 వాట్స్ పీఎంపీఓ అని ఉంది. కొత్తగా 60 వాట్ల ఆంప్ కొంటే శబ్దం తగ్గిపోతుందా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తగ్గదు. క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునే పీఎంపీఓకు అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ ఏదీ లేదు. అమ్మేవాడి నోటికి ఎంత వస్తే అంత. మీ పాత సెట్టు వెనుక చూస్తే గోడ ప్లగ్గు నుంచి అది లాగే కరెంటు ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. ప్లగ్గు నుంచి 50 వాట్లు తీసుకునే పెట్టె స్పీకర్లకు నిలకడగా 1000 ఇవ్వలేదు కదా! ఇలాంటి అతిశయోక్తులకు అడ్డుకట్ట వేయడానికే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఆంప్లిఫయర్ల వాట్లను ఎలా కొలిచి ప్రకటించాలో నిబంధన పెట్టింది. మీరు కొనబోయే ఆంప్‌కు ఆర్‌ఎంఎస్ లేదా కంటిన్యుయస్ (నిలకడగా ఇచ్చేది) అన్న మాట, ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత వికృతి (డిస్టార్షన్)తో అన్న వివరం ఉంటే ఆ 60 వాట్లను నమ్మవచ్చు.